ఎలుగెత్తి నడవండి

కలకత్తా మహానగరానికి ఈశాన్యాన, ఒకనాడు వరిపొలాలు, చేపల చెరువులు పరచుకొని ఉన్న పల్లపు నేలలో, ఈనాడు న్యూ టౌన్ అనే కొత్త పట్టణం వెలసి ఉన్నది. మింటినంటే మేడలు, విశాలమైన రహదారులు, కార్యాలయ భవనాలు ఎటు చూచినా కనిపిస్తాయి. వీటి నడుమ 2012 చివర ప్రారంభమైన ఎకో పార్కు అనే పెద్ద ఉద్యానవనమున్నది. అందులోని సరస్సు మీదుగా వచ్చే గాలి, పొద్దుటిపూట నడకకు వచ్చేవారికి నగరమంతటిలోను దొరకని భాగ్యం.

మేముండే భవనంలో ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు నాలుగైదు ఉన్నవి. గత శీతకాలంలో వాటిలో ఒక ఇంటికి శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు ప్రాంతంనుండి ఆ ఇంటి యజమాని తల్లిగారు వచ్చారు. అరువదియైదేండ్లు దాటిన మనిషి. తెల్లవారకముందే లేచి నడకకు బయలుదేరడం ఆమెకు చిన్ననాటి అలవాటు. భాష తెలియని ఊరు గనుక తోడుగా వెళ్ళమని ఆమె కుమారుడు నన్ను కోరగా, కొన్నాళ్ళు ఇద్దరమూ కలసి నడిచాము.

మొదటి రోజుననే ఒక విశేషం నా కంటబడినది. కాలిబాట పొదల చాటుగా మలుపు తిరిగే ప్రతిచోటా ఆమె రెండడుగుల ముందుగా ఆగి, గట్టిగా రెండు చప్పట్లు చరచి, గొంతు సవరించుకొని, ఆ తరువాతనే ముందుకు సాగుతున్నది. మూడవనాడు ఉండబట్టలేక అడిగాను.

"ఆ చప్పట్లెందుకమ్మా?"

"అలవాటు బాబూ. మా జీడితోటల్లో మలుపుకాడ సప్పుడు సెయ్యకపోతే ఎలుగు ఎదురైపోద్ది."

"ఇక్కడ ఎలుగులెక్కడివి?"

ఆమె నవ్వి, తన అరచేతులు చూచుకొని, "ఆ సంగతి నాకు తెలుసు గాని, ఈ సేతులకి తెలవదు కదా బాబూ" అన్నది.

ఆ నవ్వు వెనుక ఒక దిగులు ఉన్నదని తరువాత తెలిసింది. ఆమె భర్త ఊరిలోనే ఉండిపోయాడు. డెబ్బది దాటిన వయసులోను జీడిపిక్కల కాలం వస్తే చాలు, చీకటితోనే ఒంటరిగా తోటకు బయలుదేరుతాడు. పట్టణానికి రమ్మంటే రాడు. తోడు తీసుకొని వెళ్ళమంటే వినడు. ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు ఆమె ఫోను చేసి అడిగే మొదటి ప్రశ్న "తిన్నావా" అని కాదు, "వచ్చేశావా" అని.

ఆమె భయం సకారణమైనదేనా? ఎలుగుబంటి నిజంగా అంత ప్రమాదకరమైన మృగమా? లేక మనుష్యుల భయమే దానికి లేని క్రూరత్వాన్ని అంటగట్టినదా? ఈ ప్రశ్నలు నన్ను వదలలేదు. తెలుసుకొన్న సంగతులను పాఠకుల ముందుంచుతున్నాను.

ఉద్దానం కథ

శ్రీకాకుళం జిల్లాకు ఉత్తరపు కొసన, తూర్పు కనుమల చివరి గుట్టలకు, సముద్రానికి నడుమనున్న పచ్చని భూభాగం ఉద్దానం. ఉద్యానమనే మాటయే ప్రజల నోట ఉద్దానమైనదని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస ఆ నేలకు ప్రాణం. పలాస జీడిపప్పు దేశమంతటా ప్రసిద్ధమే. 2018 అక్టోబరు 11న ఆ తీరాన్ని తాకిన తిత్లీ తుఫాను అక్కడి తోటలను నేలమట్టం చేసినది. ఆ దెబ్బనుండి కోలుకొనడానికి రైతులు పడిన పాట్లు అంతా ఇంతా కాదు.

ఆ గుట్టలలోని రాతి గుహలు, పొదలు ఎలుగుబంట్లకు నివాసం. తోటలు వాటి ముంగిట వడ్డించిన విస్తరి. వేసవిలో జీడిపండు, ఆ వెంటనే పనసపండు, ఏడాది పొడవునా చెదపుట్టలు. అడవి ఎక్కడ ముగిసినది, తోట ఎక్కడ మొదలైనది అన్న భేదం మన పట్టాలలో ఉన్నది గాని ఎలుగు దృష్టిలో లేదు.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాం గ్రామంలో ఎలుగు దాడికి భార్యాభర్తలిద్దరు బలియైనారు. ఆగ్రహించిన జనం ఆ ఎలుగును చంపివేశారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వద్ద తోటకు వెళ్ళిన ఒక రైతు మరణించాడు. మరునాడు అదే ఎలుగు మరికొందరిని తీవ్రంగా గాయపరచినది. అటవీశాఖవారు మత్తుమందు ప్రయోగించి దానిని పట్టుకొన్నారు గాని, విశాఖపట్నం జంతుప్రదర్శనశాలకు చేర్చేలోగానే అది ప్రాణం విడిచినది. 2024 మార్చిలో అదే మండలంలోని జీడితోటలో మరి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

ఈ మూడు సంఘటనల నెలలను ఒకసారి గమనించండి. మార్చి జీడికాలం, జూన్ పనసకాలం. మనిషి తోటలో ఎక్కువగా ఉండేదీ, ఎలుగు తోటలోకి ఎక్కువగా వచ్చేదీ ఆ నెలలలోనే. ఇద్దరినీ ఒకేచోటికి రప్పిస్తున్నది పగ కాదు, పండు.

పేరులోనే పొరపాటు

మన ప్రాంతపు ఎలుగుబంటికి ఇంగ్లీషులో స్లాత్ బేర్ అని పేరు. స్లాత్ అనగా దక్షిణ అమెరికాలో చెట్టుకొమ్మలకు తలక్రిందుగా వ్రేలాడే ఒక సోమరి జంతువు. 1791లో జార్జి షా అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు మన ఎలుగు పొడవైన గోళ్ళను, పైదవుడ ముందు భాగాన రెండు పళ్ళు లేకపోవడాన్ని చూచి, ఇదియును ఆ స్లాత్ జాతిదేనని భ్రమపడి పేరు పెట్టాడు. తరువాత అది ఎలుగేనని తేలినా, పాత పేరు మాత్రం దానిని అంటిపెట్టుకొనియే ఉన్నది. సోమరి అని పేరుబడిన ఈ జంతువు పరుగెత్తదలచినప్పుడు మనిషిని సునాయాసంగా అందుకొనగలదు.

ఆ లేని పళ్ళ వెనుక ప్రకృతి చాతుర్యమున్నది. చెదపురుగులు, చీమలు ఎలుగుకు ముఖ్యాహారం. మూడు నాలుగు అంగుళాల గోళ్ళతో పుట్టను పెకలించి, ముందుగా దుమ్మును ఊది పారద్రోలుతుంది. పిమ్మట ముక్కుపుటాలను మూసుకొని, పెదవులను గొట్టంవలె ముందుకు చాచి, లేని పళ్ళ సందునుండి పురుగులను జుర్రుకొంటుంది. కొలిమితిత్తిని పోలిన ఆ శబ్దం నూరు గజాల దూరానికి కూడ వినబడుతుంది. తుమ్మెదలను, తేనెటీగలను లెక్కచేయదు. రేగు, నేరేడు, తునికి, రేల, మేడి, మర్రి పండ్లు, వేసవిలో రాలే ఇప్పపూలు దానికి ప్రీతి.

ఈ భోజనం పట్టికలో మనిషి లేడు. మనిషిని తినడానికై వేటాడే అలవాటు ఈ జాతికి లేదనే చెప్పవచ్చును. మరి దాడి ఎందుకు చేస్తుంది?

భయమే కోపమై

ఎలుగుకు ఘ్రాణశక్తి అమోఘం. చూపు మాత్రం మందం. పుట్టను త్రవ్వి జుర్రుకొనే వేళ తాను చేసే శబ్దంలో ఎదుటివారి అడుగుల చప్పుడు దానికి వినబడదు. గాలి ఎదురుగా వీస్తే వాసనయు అందదు. పగటివేళ పొదలలోనో, రాతి సందులలోనో గాఢనిద్రలో ఉంటుంది. అట్టి స్థితిలో కట్టెలకో, ఆకులకో, పిక్కలకో వచ్చిన మనిషి ఐదారు గజాల దూరంలో హఠాత్తుగా ప్రత్యక్షమైతే, ఆలోచించుకొనే వ్యవధి దానికి ఉండదు.

జింక అయితే పారిపోతుంది. కోతి అయితే చెట్టెక్కుతుంది. ఎలుగు మాత్రం ఎదురుతిరుగుతుంది. దీనికి కారణం మనిషి కాదు, పులి అని జంతుశాస్త్రజ్ఞుల ఊహ. వేలాది సంవత్సరాలుగా పులులు, ఏనుగులు, ఖడ్గమృగాలు తిరిగే అడవులలో బ్రతికిన జాతి ఇది. పులి ఎదురైనప్పుడు పరుగెత్తి ప్రయోజనం లేదు. చెట్టెక్కితే చిరుతపులి కూడ ఎక్కగలదు. కాబట్టి పెద్దగా బొబ్బరిస్తూ, మీదికి దూకి, పగవాడిని బెదరగొట్టడమే బ్రతుకుతెరువైనది. అట్లు బెదరగొట్టగలిగినవే పిల్లలను కని జాతిని నిలిపినవి. ఆ పాతకాలపు కోపమే ఈనాడు పిక్కలేరుకొనే వృద్ధుని మీద విరుచుకుపడుతున్నది.

పిల్లల తల్లి విషయం వేరుగా చెప్పనక్కరలేదు. చలికాలంలో, గుహలో ఒకటి రెండు పిల్లలను కంటుంది. కొద్ది మాసాల తరువాత వాటిని వీపున ఎక్కించుకొని బయటికి వస్తుంది. ప్రపంచంలోని ఎలుగు జాతులలో పిల్లలను వీపున మోయడం నిత్యాచారంగా ఉన్నది ఈ ఒక్క జాతిలోనే. జూలువంటి ఆ పొడవైన రోమాలు పిల్లలకు పట్టుగొమ్మలు. రెండేండ్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, తల్లి వాటిని విడువదు. మాటువేసిన పులిని సైతం ఎదిరించే ఆ తల్లి, పొద్దు పొడవకముందు తోటలో ఎదురైన మనిషిని ఏమని తలచునో ఊహించుకొనవచ్చును.

దాడి జరిగితే గాయాలు ఎక్కువగా తలకు, ముఖానికి తగులుతాయి. ఇందుకే ఎలుగు పేరు చెబితే అడవి అంచు గ్రామాలవారు పులి పేరు చెప్పినదానికంటె ఎక్కువగా ఉలికిపడతారు. ఒక్క మధ్యప్రదేశ్‌లో 1989 ఏప్రిల్ నుండి 1994 మార్చి వరకు, అయిదేండ్లలో, ఎలుగుల దాడులలో 687 మంది గాయపడగా 48 మంది మరణించినట్లు ఒక అధ్యయనం తేల్చినది. అనగా దాడికి గురియైన పదిహేనుగురిలో ఒకరు మరణించారు, పదునలుగురు బ్రతికారు. తరువాత బిలాసపూరు ఉత్తర అటవీ ప్రాంతంలో 1998 నుండి 2000 వరకు జరిగిన 137 దాడులలో 11 మంది మరణించారు.

ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నవి. ఎలుగు చంపడానికి కాక, తప్పించుకొనడానికే దాడి చేస్తుందనడానికి ఇది ఒక నిదర్శనం. ఎదుటివాడు కూలిన తరువాత సాధారణంగా అది విడిచి పారిపోతుంది. అయితే బ్రతికినవారిలో కన్ను పోయినవారు, దవుడ విరిగినవారు, జీవితాంతం ముఖానికి గుడ్డ కప్పుకొని తిరిగేవారు ఉన్నారు. మరణాల లెక్కలో వారు లేరు గనుక ప్రమాదం చిన్నదని అనుకొనడం న్యాయం కాదు.

ఎలుగులందు ఎలుగులు వేరు

ప్రపంచంలో ఎలుగు జాతులు ఎనిమిది. వాటిలో నాలుగు మన దేశంలోనే ఉన్నవి. మైదానాలలో, కొండలలో మనం చూచే ఈ నల్లని జూలు ఎలుగు. హిమాలయాల నల్ల ఎలుగు. ఎత్తైన మంచుకొండల గోధుమవన్నె ఎలుగు. ఈశాన్య రాష్ట్రాల చిన్న సూర్య ఎలుగు. పశ్చిమ బెంగాలులో పురూలియా కొండలలో మన ఎలుగే ఉన్నది. ఉత్తరాన డార్జిలింగ్, కాలింపాంగ్ అడవులలో హిమాలయపు నల్ల ఎలుగు ఉన్నది. 2021 నవంబరులో ఆ నల్ల ఎలుగు ఒకటి కొండదిగి జల్పాయిగుడి జిల్లా మేటెలి ప్రాంతపు తేయాకుతోటలోకి వచ్చి ఒక యువకుని చంపినది. జనం దానిని కొట్టి చంపారు. ఎర్రముక్కాంలో జరిగినదే ఆరు వందల మైళ్ళకు పైగా దూరాన మరల జరిగినది.

జాతిని బట్టి స్వభావం మారుతుంది. ఉత్తర అమెరికా నల్ల ఎలుగు లక్షల సంఖ్యలో ఉన్న జంతువు. అయినను 1900 నుండి 2009 వరకు, నూటపది సంవత్సరాలలో, అది చంపినవారు 63 మంది మాత్రమేనని అక్కడి శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. సాధారణంగా అది మనిషిని చూచి చెట్టెక్కుతుంది. విచిత్రమేమంటే, ఆ అరుదైన మరణాలలో ఎక్కువ భాగం ఒంటరి మగ ఎలుగు ఆహారంగా భావించి చేసిన దాడులవల్లనే కలిగినవి. అందుచేత దాని ముందు కదలక పడి ఉండకూడదు, ఎదురు పోరాడవలెనని అక్కడివారు బోధిస్తారు. ఆ సలహాను మన ఉద్దానానికి దిగుమతి చేసుకొంటే ప్రాణాలమీదికి వస్తుంది. మన ఎలుగు భయంతో దాడి చేసేది. ప్రతిఘటన దాని భయాన్ని పెంచుతుంది.

సంపన్న దేశమైన జపానుకు సైతం ఈ బెడద తప్పలేదు. 2023లో అక్కడ ఎలుగుల దాడికి గురియైనవారి సంఖ్య రెండు వందలు దాటినది. అడవిలో చెట్లు కాయని ఏడు ఆకలిగొన్న ఎలుగులు ఊళ్ళలోకి దిగుతాయి. పడుచువారు పట్టణాలకు పోగా పల్లెలలో మిగిలిన వృద్ధులు వాటికి ఎదురవుతారు. ఈ మాట చదివినప్పుడు నాకు వజ్రపుకొత్తూరు తోటలోని డెబ్బదేండ్ల రైతు గుర్తుకు వచ్చాడు. అతని కుమారుడు న్యూ టౌన్‌లో పదునాలుగవ అంతస్తులో కూర్చొని పనిచేస్తున్నాడు.

మనమూ నిర్దోషులము కాము

జాంబవంతుని భల్లూకరాజుగా కొలిచిన దేశం మనది. శ్యమంతకమణి కోసం శ్రీకృష్ణునితో పోరాడి, చివరకు తన కుమార్తె జాంబవతినిచ్చి పెండ్లి చేసిన వృద్ధవీరుని కథ తెలుగు పిల్లలందరూ విన్నదే. విడువని పంతాన్ని భల్లూకపు పట్టు అంటాము. కాని అదే దేశంలో ఎలుగు ముక్కుకు రంధ్రం చేసి, త్రాడు గ్రుచ్చి, పళ్ళు ఊడబెరికి, వీధులలో ఆడించడం తరతరాలుగా సాగినది. పిల్లవానిని ఎలుగు వీపున కూర్చుండబెట్టి దడుపు పోగొట్టించడం, ఎలుగు వెంట్రుకతో తాయెత్తు కట్టించడం నా తరం వారందరికీ తెలిసినవే. ఒక్కొక్క ఆడే ఎలుగు వెనుక గుహలో పిల్ల కోసం చంపబడిన తల్లి ఉన్నదని అప్పుడు మనకు తోచలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ ఎలుగుకు మొదటి షెడ్యూలులో స్థానమిచ్చి, దానిని పట్టడం, చంపడం నేరమన్నది. అయినా ఆట ఆగలేదు. వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. అనే సంస్థ ఆగ్రాలో శరణాలయం నెలకొల్పి, ఎలుగులను ఆడించే కలందర్లకు వేరు జీవనోపాధి చూపుతూ, ఆరు వందలకు పైగా ఎలుగులకు విముక్తి కలిగించినది. 2009 డిసెంబరుతో ఆడే ఎలుగుల చరిత్ర దాదాపు ముగిసినది.

అయితే ఎలుగును ఆటవస్తువుగా చూచే బుద్ధి ముగియలేదు. 2018 మే నెలలో ఒడిశా నవరంగపూరు జిల్లాలో, పెండ్లినుండి తిరిగి వస్తున్న ఒకాయన గాయపడి ఉన్న ఎలుగును చూచి, దాని ప్రక్కన నిలబడి సెల్‌ఫోనులో ఫోటో తీసుకొనబోయి ప్రాణం పోగొట్టుకొన్నాడు. ఛత్తీస్‌గఢ్ మహాసముంద్ జిల్లాలోని చండీమాత ఆలయానికి ఎలుగులు వచ్చి భక్తుల చేతి ప్రసాదం తిని పోతాయని జనం విరగబడి వెళతారు. భక్తి మంచిదే. కాని మనిషంటే తిండి అని ఒకసారి నేర్చుకొన్న ఎలుగు, తిండి లేని మనిషి ఎదురైననాడు ఏమి చేయునో ఎవరు చెప్పగలరు? దూరం పాటించడం కూడ జంతువు పట్ల ఒక మర్యాదయే.

చచ్చినట్టు పడి ఉంటే?

ఇద్దరు మిత్రులు అడవిలో పోవడం, ఎలుగు రావడం, ఒకడు చెట్టెక్కడం, రెండవవాడు ఊపిరి బిగబట్టి నేల మీద పడి ఉండడం, ఎలుగు వాసన చూచి వెళ్ళిపోవడం మనం పాఠ్యపుస్తకంలో చదువుకొన్న కథ. అది ఎంతవరకు నిజం?

సగం నిజం. మొదటి మిత్రుడు చేసినది తప్పు. మన ఎలుగు చెట్టెక్కగలదు. పరుగెత్తడం ఇంకా పెద్ద తప్పు. రెండవ మిత్రుడు చేసినదానిలో నీతి ఉన్నది గాని, కథలో ఒక ముఖ్యమైన వివరం లేదు. ఎలుగు దూరాన కనిపించినప్పుడు పడుకొనకూడదు. దాని వైపు చూపు ఉంచి, తొందరపడక, మెల్లగా వెనుకకు తగ్గవలెను. దానికి, దాని పిల్లలకు నడుమ నిలువకూడదు. పారిపోయే దారి దానికి విడవవలెను. అది మీదబడిన తరువాత మాత్రమే బోర్లా పడుకొని, ముఖాన్ని నేలకు ఆనించి, రెండు చేతుల వ్రేళ్ళను మెడ వెనుక పెనవేసి, కదలక ఉండవలెను. ముఖం, మెడ కాపాడుకొంటే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. అది వెళ్ళిందని నిశ్చయమయ్యేవరకు లేవరాదు.

అయితే ఇవన్నీ ఎలుగు ఎదురైన తరువాతి మాటలు. ఎదురు కాకుండా చూచుకొనడమే అసలు విద్య. తెల్లవారుజామున, మునిమాపున తోటలకు వెళ్ళడం మానవలెను. తప్పనప్పుడు ఇద్దరు ముగ్గురు కలసి వెళ్ళవలెను. పుట్టలున్నచోట, దట్టమైన పొదలున్నచోట ముందుగా చప్పుడు చేయవలెను. అడవి అంచు గ్రామాలలో చివర గంటలు కట్టిన చేతికర్రను పంచిపెట్టి, నడిచేటప్పుడు నేలకు తాటిస్తూ పొమ్మని కొందరు వన్యప్రాణి సేవకులు నేర్పుతున్నారు. రాలిన పండ్లను, పనసతొనల చెత్తను ఇంటి దగ్గర పోగుపెట్టరాదు. కుక్కను వెంట తీసుకొనిపోయేవారు మరింత జాగ్రత్త వహించవలెను. కుక్క ఎలుగును రెచ్చగొట్టి, తిరిగి యజమాని కాళ్ళ దగ్గరికే పరుగెత్తుకొని వస్తుంది.

ఇక ఎలుగు ఊరిలోకి వచ్చినప్పుడు గుంపుగా చేరి కేకలు వేస్తూ రాళ్ళు రువ్వడం వంటి పొరపాటు మరొకటి లేదు. చుట్టుముట్టబడిన జంతువు దారి కోసం ఎవరో ఒకరి మీద దూకక మానదు. దానికి దారి విడిచి, పిల్లలను ఇళ్ళలోకి పంపి, అటవీశాఖవారికి కబురు చేయడమే మార్గం. వారు కూడ జనం అదుపులో ఉన్నప్పుడే తమ పని తాము చేయగలరు.

చప్పుడు చేస్తే ఎలుగుకు కోపం రాదా అని నేను ఆ ఉద్దానపు తల్లిని అడిగాను. ఆమె ఇచ్చిన సమాధానం పుస్తకాలలో నేను చదివినదానికంటె సూటిగా ఉన్నది.

"మనిషంటే దానికీ బయిమే బాబూ. మనం వత్తన్నామని ముందే తెలిస్తే దాని దారిని అది పోద్ది. తెలీకుండా ఎల్తేనే గొడవ."

తెలుగులో ఎలుగు అనే మాటకు రెండర్థాలు. ఒకటి భల్లూకం, రెండవది కంఠస్వరం. గొంతెత్తి పలకడాన్ని ఎలుగెత్తి పలకడం అంటాము. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదో లేదో భాషావేత్తలు చెప్పవలెను. నాకు మాత్రం ఆ తల్లి మాట విన్నప్పుడు, మన పూర్వులు ఒకే మాటలో రోగాన్ని, మందును కలిపి పెట్టినట్లు తోచినది. ఎలుగు ఉన్నచోట ఎలుగెత్తి నడవవలెను.

సంక్రాంతి వెళ్ళిన కొద్ది దినాలకు ఆమె ప్రయాణమైనది. వెళ్ళే ముందు కుమారుని చేత బజారులో వెదికించి, ఎద్దు మెడకు కట్టే ఇత్తడి గంట ఒకటి కొనిపించుకొన్నది. హౌరా స్టేషనుకు బయలుదేరే వేళ అది ఆమె చేతిసంచిలో మ్రోగుతూనే ఉన్నది. ముసలాయన ఒప్పుకొంటాడా అని నేను సందేహించాను.

"ఒప్పుకోడు. కర్రకి నేనే కట్టేత్తాను. కర్ర లేకుండా ఆయన గడప దాటడు" అన్నది.

జీడిపిక్కల కాలం మొదలైన తరువాత ఒక ఉదయం ఆమె కుమారుని ఇంటికి వెళ్ళాను. అతడు ఊరికి ఫోనులో మాట్లాడుతున్నాడు. తల్లి మాటలు నాకు వినబడలేదు. కాని వాటి వెనుకగా, దూరంనుండి ఇంటికి దగ్గరవుతున్న గంట చప్పుడు ఒకటి స్పష్టంగా వినవచ్చినది.

అతడు ఆ రోజు "వచ్చేశాడా" అని అడగలేదు.